బబ్బీతో పస్కా సరుకులకి

న్యూజెర్సీలో రారిటన్ నది ఒడ్డున హైలాండ్ పార్క్ అనే చిన్న ఊరుంది. నది దాటితే న్యూ బ్రన్స్‌విక్, రట్గర్స్ యూనివర్సిటీ. ఇటు పక్క ఎడిసన్. ఎడిసన్ గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఓక్ ట్రీ రోడ్డు మీద ఇడ్లీ రవ్వ నుంచి పెళ్ళి చీరల దాకా అన్నీ దొరుకుతాయి. హైలాండ్ పార్క్ తీరు వేరు. అక్కడ యూదు కుటుంబాలు ఎక్కువ. శనివారం వాళ్ళు కారెక్కరు కాబట్టి ఆ పొద్దున ఫుట్‌పాత్‌ల నిండా సినగాగ్‌కి, అంటే వాళ్ళ ప్రార్థన మందిరానికి, నడిచివెళ్ళే తాతలు, తండ్రులు, చంటిపిల్లల బళ్ళు తోసుకుంటూ తల్లులు కనిపించేవాళ్ళు.

2007 చివర్లో మేం ఆ ఊళ్ళో ఒక పాత ఇంట్లో మేడమీద వాటా అద్దెకి తీసుకున్నాం. కింద వాటాలో ఇంటావిడ ఒక్కరే ఉండేవారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. మనవలు ఆవిణ్ణి ‘బబ్బీ’ అని పిలిచేవాళ్ళు, వాళ్ళ ఇడ్డిష్ భాషలో అమ్మమ్మో నానమ్మో అన్నట్టు. మొదట్లో నేను మిసెస్ అంటూ ఇంటిపేరుతో పిలిచేదాన్ని. చలికాలం గడిచేసరికి మాకూ ఆవిడ బబ్బీయే అయ్యారు.

నాది హెచ్4 వీసా, మా ఆయన ఉద్యోగం వీసా మీద భార్యగా వచ్చినది. అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు. మా ఆయన ట్రైన్‌లో ఆఫీసుకి వెళ్ళేవారు, కారు ఇంటి దగ్గరే ఉండేది. బబ్బీకి చూపు తగ్గి డ్రైవింగ్ మానేశారు. నాకు పని లేదు, ఆవిడకి కారు లేదు. మార్చిలో ఒకరోజు మెట్ల దగ్గర ఆగి అడిగారు. “పస్కా సరుకులకి తీసుకెళ్తావా అమ్మాయ్? ఒక్కసారితో అయ్యే పని కాదు, ముందే చెప్తున్నా.”

పస్కా అంటే బైబిల్ చదివినవాళ్ళకి తెలుసు. ఐగుప్తులో ఫరో కింద బానిసలుగా మగ్గిన ఇశ్రాయేలీయులు మోషే వెంట బయల్దేరిన రాత్రి, పిండి పొంగేదాకా ఆగే వ్యవధి లేక పులియని రొట్టెలే పట్టుకుపోయారు. అందుకే ఆ పండగ ఎనిమిది రోజులూ (ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు) పులిసిన పిండితో చేసింది ఏదీ ముట్టరు. ముట్టకపోవడమే కాదు, ఇంట్లో ఉండనివ్వరు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ (గోధుమలాంటిదే), ఈ ఐదు ధాన్యాల్లో దేనికి నీళ్ళు తగిలి పులిసినా అది ‘హమేట్జ్’. బ్రెడ్డు, బిస్కెట్లు, పాస్తా, బీరు, గోధుమతో చేసిన సోయా సాస్, అన్నీ బయటికి పోవాల్సిందే. ఏడాది పొడుగునా వాడిన గిన్నెలు కూడా పనికిరావు, పస్కాకి వేరే గిన్నెలు, వేరే ప్లేట్లు. మా జేజి మడి వంట చూసి పెరిగినదాన్ని, నాకు ఇందులో వింతేమీ అనిపించలేదు. కానీ సరుకుల సంగతి మాత్రం కొత్త. ఉన్న వంటింట్లోకి పండగ కోసం నాలుగు రకాలు తెచ్చుకోవడం కాదది. కొత్త కాపురం పెట్టినట్టు ఉప్పు, చక్కెర, నూనె, టీ పొడి నుంచి మొదలుపెట్టి అన్నీ సీలు తీయని డబ్బాలే కొనాలి.

ఆ మొదటిరోజు కారెక్కగానే బబ్బీ హ్యాండ్‌బ్యాగులోంచి నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి తీశారు. అది ఆవిడ పద్దుల పుస్తకం. 1961 నుంచి ఉన్న పద్దు. ఏడాదికో పేజీ. పేజీ పైన ఆ ఏడు సేడర్‌కి, అంటే పస్కా రాత్రి భోజనానికి, వచ్చేవాళ్ళ పేర్లు. కింద ఎడమవైపు సరుకు, ఎంత కొన్నదీ, ఎంతైందీ. కుడివైపు పండగ అయ్యాక ఎంత మిగిలిందో వేరే రంగు ఇంకుతో. ‘గుడ్లు 14 డజన్లు, మిగిలినవి 3.’ ‘ఆలుగడ్డ పిండి 4 డబ్బాలు, 2 చాలు.’ 1975 పేజీలో చక్కెర ధర కింద మూడు గీతలున్నాయి. అంతకు ముందు ఏడాది అమెరికాలో చక్కెర ధర ఆకాశాన్నంటిందట, ఆ మంట ఇంకా చల్లారలేదన్నమాట. కొన్ని మాటలు ఇంగ్లీషులో, కొన్ని హీబ్రూ అక్షరాల్లో. ఒక పేజీ మూల వైన్ ఒలికి ఊదారంగు మరక. ఆవిడ ఎవరి పేరూ కొట్టేయలేదు. పోయినవాళ్ళ పేరు తర్వాతి పేజీలో రాయలేదు, అంతే. ఆవిడ భర్త పేరు ఆఖరిసారి 1996లో ఉంది.

కొట్లో బబ్బీ నాకు ముందు నేర్పింది లేబుల్ చదవడం. వృత్తంలో ‘యు’ అనే అక్షరం ఉంటే కోషర్ అని, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం తినదగినదని, నాకు అప్పటికే తెలుసు. ఆ ముద్ర సరిపోదు. దాని పక్కన ‘పి’ అక్షరం ఉండాలి, లేదా పస్కాకి కోషర్ అని విడమరిచి రాసి ఉండాలి. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది మాట్సా పెట్టెల్నే. మాట్సా అంటేనే పులియని రొట్టె కదా, అది ఏదైనా పస్కాకి పనికొస్తుందనుకుంటాం. అలా కాదు. అదే కంపెనీ, ఇంచుమించు అదే పెట్టె, మూలన చిన్న అక్షరాల్లో ‘పస్కాకి వాడరాదు’ అని ఉంటుంది. పస్కా మాట్సాకి నీళ్ళు పిండిని తాకిన క్షణం నుంచి కాల్చడం అయ్యేదాకా 18 నిమిషాలు దాటకూడదు, ఆ కాపలా అంతా ఉంటేనే ఆ ముద్ర. బబ్బీ ఒక్కో పెట్టెనీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసేవారు. కనిపించకపోతే నాకిచ్చి, “చదువు, గట్టిగా చదువు” అనేవారు. నేను ఆ వరసలో నిలబడి సరుకుల పేర్లు బడిపిల్లలా పైకి చదివేదాన్ని. పక్కన వేరే బబ్బీలు కూడా తమ పెట్టెలు నా చేతికి ఇచ్చి చదివించుకున్న రోజులున్నాయి.

సేడర్ రాత్రికి మాత్రం మామూలు పెట్టె మాట్సా కాదు, చేత్తో చేసిన గుండ్రటి ష్మూరా మాట్సా. కోత కోసినప్పటి నుంచీ గోధుమకి చెమ్మ తగలకుండా కనిపెట్టుకుని ఉండి చేస్తారు. అట్టపెట్టెలో పొరలు పొరలుగా పేర్చి వస్తుంది, అంచులు అక్కడక్కడా మాడి ఉంటాయి. పెట్టె మాట్సా కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. ధరల దగ్గర అంత బిగువుగా ఉండే బబ్బీ దానికి బేరం ఆలోచన కూడా చేయలేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా “మెల్లిగా, మెల్లిగా” అనేవారు. విరక్కుండా ఇంటికి చేరాలి కదా.

మనవలకి కోక్ కావాలి. ఆ రెండు మూడు వారాలూ కొట్లలో పసుపు మూత ఉన్న కోక్ సీసాలు వస్తాయి. మామూలు అమెరికా కోక్‌లో మొక్కజొన్న సిరప్ ఉంటుంది, అది ఈ ఇళ్ళలో పస్కాకి పనికిరాదు. పసుపు మూతది చక్కెరతో చేసింది. దీని వెనక పెద్ద కథే ఉంది. అట్లాంటాలో టోబియాస్ గెఫెన్ అనే రబ్బీ (యూదు మతగురువు) 1935లో కోక్‌లో ఏం కలుపుతున్నారో కంపెనీ వాళ్ళ దగ్గర తెలుసుకుని, ఏవి మారిస్తే అది కోషర్ అవుతుందో, పస్కాకి ఏం చేయాలో తీర్పు రాశారు. కంపెనీ మార్చింది. రుచి బాగుంటుందని యూదులు కానివాళ్ళు కూడా ఆ సీసాలు ఎత్తుకుపోతారని బబ్బీకి కోపం. నిజం చెప్పాలంటే మా ఆయన కూడా ఆ ఎత్తుకుపోయేవాళ్ళలో ఒకరు.

మొక్కజొన్న ఎందుకు పనికిరాదు? నేనూ అదే అడిగాను. అప్పుడు తెలిసింది నాకు కిట్నియోట్ సంగతి. తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు ఆ ఐదు ధాన్యాలే కాకుండా బియ్యం, పప్పులు, బఠాణీలు, చిక్కుడు గింజలు, మొక్కజొన్న, ఆవాలు, నువ్వులు కూడా పస్కాకి మానేస్తారు. ఇవి హమేట్జ్ కావు. ఇంట్లో ఉంటే తప్పు లేదు, తినడం మాత్రం లేదు. ఎన్నో వందల ఏళ్ళ నుంచి వస్తున్న ఆచారం. ఆవిడ చెప్తుంటే నాకు నోట మాట రాలేదు. బియ్యం లేదు, కందిపప్పు లేదు, ఆవాలు లేవు! “మరి ఎనిమిది రోజులు ఏం తింటారు?” అన్నాను. “ఆలుగడ్డలు, గుడ్లు, మాంసం, చేపలు, కూరగాయలు. మళ్ళీ ఆలుగడ్డలు” అన్నారు.

స్పెయిన్ నుంచీ అరబ్బు దేశాల నుంచీ వచ్చిన సెఫార్డీ యూదుల్లో మాత్రం చాలామంది అన్నం తింటారు. బబ్బీ కోడలి తల్లి అలాంటి ఇంటి మనిషి. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, బియ్యం పోసి, గోధుమ గింజ ఏదైనా కలిసిందేమోనని ఒక్కో గింజా చూసి ఏరతారట. ఒకసారి కాదు, మూడుసార్లు. అది విన్న సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. చేటలో బియ్యం పోసుకుని అరుగు మీద రాళ్ళేరుతూ ఊరి కబుర్లన్నీ చెప్పే మా జేజి ఉండి ఉంటే ఆవిడకి చెప్పేదాన్ని.

ఇంతలో మా ఇంట్లోనే బియ్యానికి కటకట వచ్చింది. 2008 ఏప్రిల్ గుర్తుందా? మన దేశంలో ధరలు పెరుగుతున్నాయని ఆ నెల ఒకటో తారీఖున ప్రభుత్వం బాస్మతి తప్ప మిగతా బియ్యం ఎగుమతి పూర్తిగా ఆపేసింది. ఆ వార్త రావడం ఆలస్యం, ఓక్ ట్రీ రోడ్డు కొట్లలో సోనామసూరి బస్తాలు మాయమైపోయాయి. ఉన్నచోట ఒక మనిషికి ఒకటే బస్తా, ధర రోజుకో రకం. అమెరికా అంతటా తెలుగువాళ్ళు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని ఎక్కడ బియ్యం దొరుకుతోందో చెప్పుకున్న రోజులవి.

అదే నెలలో బబ్బీకి కూడా ఒక వస్తువు దొరకలేదు. మాట్సాతోనే చేసే చిన్న చిన్న ఆరు పలకల బిస్కెట్లు కొన్ని ఉంటాయి, పస్కాలో పిల్లల జేబుల నిండా అవే. వాటిని చేసే పెద్ద కంపెనీకి కొత్త పొయ్యి మొరాయించి ఆ ఏడు పస్కాకి అవి అసలు తయారే కాలేదు. బబ్బీ పద్దులో 1961 నుంచీ ప్రతి పేజీలో ఉన్న సరుకు అది. వాటికోసం హైలాండ్ పార్క్, ఎడిసన్, ఈస్ట్ బ్రన్స్‌విక్ కొట్లన్నీ తిరిగాం. ఆవిడ బిస్కెట్లకి, నేను బియ్యానికి. ఒకే పార్కింగ్ లాట్‌లో దిగి ఆవిడ అటు, నేను ఇటు వెళ్ళి, చెరో ఖాళీ సంచితో తిరిగొచ్చి కారులో కూర్చునేవాళ్ళం.

పండక్కి ముందు వారం ఆవిడ మా తలుపు కొట్టి రెండు సంచులు ఇచ్చారు. పండగలోపు ఇల్లు ఖాళీ చేయాలి కదా, మాకు పనికొచ్చేవన్నీ పైకి తెచ్చారు. పాస్తా, ఓట్స్, సగం వాడిన మైదా, కార్న్‌ఫ్లేక్స్. అడుగున రెండు పాకెట్ల బియ్యం. సీలు కూడా తీయలేదు. బియ్యం ఇంట్లో ఉంటే తప్పు లేదని ఆవిడే నాకు చెప్పారు, ఆ సంగతి నాకు గుర్తుంది. “ఎనిమిది రోజులు నాకు దీంతో పని లేదు. నీకు ఉంది” అన్నారు. అమెరికా పొడుగు బియ్యం. మన సోనామసూరి కాదు. మూడు కప్పుల నీళ్ళు పోసి మెత్తగా వండి చారుతో తిన్నాం. ఎంత బాగుందో!

ఎండు సరుకులు అయ్యాక ఆఖరి వారం పచ్చివి. రారిటన్ అవెన్యూ మీద కోషర్ కొట్లో అప్పటికే పస్కాకి పనికిరాని అరల్ని తెల్ల కాగితంతో మూసేసి టేపు వేసేశారు. చేపల కౌంటర్ దగ్గర నంబరు చీటీ తీసుకుని నిలబడాలి. గెఫిల్టె ఫిష్ అనే చేప ఉండలకి కార్ప్, వైట్‌ఫిష్, పైక్, ఈ మూడు చేపల్నీ కలిపి రుబ్బించుకుంటారు. ఏది ఎంత అన్నది ఒక్కో ఇంటికీ ఒక్కో లెక్క. కార్ప్ ఎక్కువైతే రంగు ముదురుతుంది, రుచి గట్టిగా ఉంటుంది. వైట్‌ఫిష్ ఎక్కువైతే మెత్తగా వస్తుంది. నేను మాంసాహారం తినను, గుడ్డు మాత్రం తింటాను. ఆ చేపల వాసనకి మొదట కొంచెం వెనక్కి తగ్గాను కానీ బబ్బీ బేరం చూస్తూ అదంతా మర్చిపోయాను. తలకాయలు, ముళ్ళు పారేయకుండా వేరే సంచిలో వేయించుకున్నారు. పులుసుకి అసలు రుచి వాటితోనే అట. చేప కన్ను చూసి తాజాదనం చెప్పడంలో ఆవిడకీ మన పులికాట్ సరస్సు దగ్గర చేపలమ్మే వాళ్ళకీ తేడా ఏమీ లేదు.

ఆ క్యూలో నిలబడే ఆవిడ తన చిన్నతనం చెప్పారు. పుట్టి పెరిగింది న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో. పస్కాకి రెండు మూడు రోజుల ముందు వాళ్ళమ్మ బతికున్న కార్ప్ చేపని కాగితంలో చుట్టించుకుని తెచ్చి, స్నానాల తొట్టిలో నీళ్ళు నింపి వదిలేదట. పండగ దాకా పిల్లలకి స్నానాలు బంద్. ఆ చేపకి పేరు పెట్టి, దానితో ఆడుకుని, చివరికి దాన్ని కోసిన రోజు తమ్ముడు అన్నం మానేసి ఏడ్చాడట. వీధిలో ఫుట్‌పాత్ మీదే ఒకాయన మర పెట్టుకుని హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు రుబ్బుతూ ఉండేవాడని, ఆ వీధి మొగదలకి వచ్చేసరికే కళ్ళలో నీళ్ళు తిరిగేవని చెప్పారు. రివింగ్టన్ స్ట్రీట్‌లో స్ట్రైట్స్ మాట్సా ఫ్యాక్టరీ ఉండేది, 1925 నుంచి. కిటికీ దగ్గర నిలబడితే లోపల పనిచేసేవాళ్ళు పొయ్యిలోంచి అప్పుడే వచ్చిన మాట్సా ముక్క తీసి చేతికిచ్చేవాళ్ళట. “పెట్టెలో కొన్నది వేరు, కిటికీలోంచి ఇచ్చింది వేరు” అనేవారు. ఆ ఫ్యాక్టరీ 2015లో అక్కణ్ణించి వెళ్ళిపోయిందని పేపర్లో చదివినప్పుడు నేను ఎన్నడూ చూడని ఆ కిటికీ కోసం నాకు చాలా బాధేసింది.

హార్స్‌రాడిష్ వేరు కొనడం ఒక విద్య. చేదు కూర కింద సేడర్‌లో తినేది అదే, బానిసత్వపు చేదుకి గుర్తు. మూరెడు పొడుగు, మట్టిరంగు, పైన గరుకు చర్మం. బబ్బీ ఒక్కోటీ చేతిలో పట్టుకుని బరువు చూసేవారు. గోటితో కొస దగ్గర కొంచెం గీరి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. వంగితే వద్దు. పైన ఆకుపచ్చ మొలక వస్తే వద్దు. తెగిన చోట తెల్లగా, తడిగా ఉండాలి. ఒకటి ఎంచి నాకిచ్చి నన్నూ వాసన చూడమన్నారు. ఆవపిండి ఘాటు నాకు అలవాటే అనుకున్నాను కానీ ఇది నేరుగా నడినెత్తికి ఎక్కింది. నా మొహం చూసి, “ఇది మంచిది” అని సంచిలో వేశారు.

ఆ ఏడు పస్కా శనివారం రాత్రి వచ్చింది, ఏప్రిల్ 19. ఎప్పుడో గాని అలా పడదు. శనివారం వాళ్ళకి సబ్బాతు, విశ్రాంతి దినం. పొయ్యి వెలిగించకూడదు, రాత్రి పండక్కి పగలు ఏదీ సర్దిపెట్టకూడదు. మామూలుగా పండగ రోజు పొద్దున చేసే పనులన్నీ శుక్రవారానికి జరిగాయి. హమేట్జ్ ముక్కలు కాల్చడం, హార్స్‌రాడిష్ తురిమి సీసాలో బిగించడం, ఉప్పునీళ్ళు కలిపిపెట్టడం, సేడర్ పళ్ళెంలోకి ఎముక, గుడ్డు కాల్చి ఉంచడం, అన్నీ శుక్రవారం సూర్యాస్తమయం లోపే. దాంతో సరుకులు గురువారానికల్లా ఇంట్లో ఉండాలి. బబ్బీకి ఒకటే టెన్షన్. రోజుకి నాలుగుసార్లు పద్దు తీసేవారు.

మమ్మల్ని కూడా సేడర్‌కి రమ్మన్నారు. ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? పులిహోర చేస్తానన్నాను. అన్నాక నాకే తట్టింది, బియ్యం, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, అన్నీ వద్దన్నవే. సరే, ఆలుగడ్డ వేపుడు? దాంట్లో పోపు. పోపులో ఇంగువ. బబ్బీ ఇంగువ డబ్బా తెప్పించి నా చేత చదివించారు. గోధుమ పిండి! మన ఇంగువ పొడిలో పిండి కలుపుతారు కదా. అంటే అది కిట్నియోట్ కూడా కాదు, అచ్చమైన హమేట్జ్. ఎలాగూ నా గిన్నెల్లో వండింది ఆవిడ బల్ల మీదికి రాకూడదు. చివరికి ఆవిడే దారి చెప్పారు. “కోయని పండ్లు తీసుకురా. పండుకి ఏ ముద్రా అక్కర్లేదు.” ఓక్ ట్రీ రోడ్డు మీద దొరికిన మంచి పండ్లన్నీ తెచ్చి శుక్రవారం మధ్యాహ్నమే ఇచ్చేశాను. ఆ రోజంతా ఆవిడ వంటింట్లో, ఆవిడ పస్కా కత్తితో, ఆవిడ చెప్పినంత పలచగా ఆలుగడ్డల చెక్కు తీశాను.

శనివారం చీకటి పడి చుక్కలు కనిపించాకే బల్ల సర్దడం మొదలైంది. పిల్లలు నిద్రమొహాలతో కూర్చున్నారు. అందరి ముందూ ఒకే రకం పుస్తకం, నీలం అట్ట వెలిసిపోయిన హగ్గాదా, సేడర్‌లో చదివే పస్కా కథ, ప్రార్థనల పుస్తకం. మాక్స్‌వెల్ హౌస్ కాఫీ కొంటే ఉచితంగా ఇచ్చే పుస్తకం అది, 1932 నుంచి ఇస్తున్నారు. ఏటా కాఫీ డబ్బాతో ఒకటొకటిగా వచ్చినవే అన్నీ. మరుసటి ఏడాది వైట్‌హౌస్‌లో ఒబామా చేసిన సేడర్‌లో కూడా ఆ కాఫీ పుస్తకాలే వాడారని తెలిసి బబ్బీ పొంగిపోయారు.

ఆ రాత్రి చదివిన హీబ్రూ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మధ్యలో పెట్టిన పళ్ళెంలో ఏది ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. కాల్చిన ఎముక మాంసం కొట్టాయన డబ్బు తీసుకోకుండా గోధుమరంగు కాగితంలో చుట్టి ఇచ్చింది. పార్స్‌లీ కట్ట బబ్బీ రెండుసార్లు వెనక్కిచ్చి మూడోది తీసుకున్నది. ఇటుకల అడుసుకి గుర్తుగా పెట్టిన హరోసెట్‌లో యాపిల్స్ గట్టివి కావాలని ఏరి ఏరి కొన్నవి, అక్రోట్లు నేను పగలగొట్టినవి. చేదు వేరు నోట్లో పెట్టుకోగానే అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి, పిల్లలు దగ్గారు, బల్ల ఆ చివర నుంచి ఎవరో “ఈ ఏడాదిది గట్టిది బబ్బీ!” అన్నారు. బబ్బీ నా వైపు చూసి కన్నుగీటారు.

మేం పైకి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. కిటికీలో నిండు చంద్రుడు. వాళ్ళ నెలలూ మన నెలల్లాగే చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి పస్కా చాలా ఏళ్ళు సరిగ్గా మన చైత్ర పున్నమికే వస్తుంది. మాది కడప జిల్లా. ఒంటిమిట్ట రామయ్య కల్యాణం చైత్ర మాసపు ఆ వెన్నెల్లో, రాత్రిపూటే జరుగుతుంది. మా వీధి వీధంతా బళ్ళు కట్టుకుని వెళ్ళేది. ఊళ్ళో అప్పటికి తెల్లారింది కదా, అమ్మకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను.

పండగ అయ్యాక బబ్బీ పద్దులో మిగిలినవన్నీ రాశారు. 2009 పేజీ తెరిచినప్పుడు చూశాను, అతిథుల పేర్లలో మా ఇద్దరి పేర్లు. స్పెల్లింగ్ తప్పు. సరుకుల్లో కొత్తగా ఒక వరస: ‘మేడమీద వాళ్ళకి సూప్, వేరే గిన్నె. క్యారెట్లు, సెలెరీ, ఉల్లి, డిల్. కోడి వద్దు.’ కిందటేడు మాట్సా ఉండలు కోడి సూప్‌లో వేశారని నేను తినలేదు. ఏమీ అనలేదు కూడా. ఆవిడ చూశారు, ఏడాది గుర్తుపెట్టుకున్నారు. ఆ పేజీ చూసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ మాటల్లో పెట్టలేను.

ఆ 2009 పస్కా కూడా మామూలుది కాదు. ఏప్రిల్ 8, బుధవారం. 28 ఏళ్ళకి ఒకసారి వాళ్ళు పొద్దున్నే ఆరుబయట నిలబడి సూర్యుణ్ణి చూసి దేవుడికి స్తోత్రం చెప్తారు, అది సరిగ్గా పస్కా ముందు పగలు పడింది. 1953లో, 1981లో చూశానని బబ్బీ చెప్పారు. వచ్చేది 2037లో. సినగాగ్ ముందు అందరూ ప్రార్థన చేసుకుని, అటునుంచటే వెళ్ళి హమేట్జ్ కాల్చారు. అంత హడావుడిలోనూ నన్ను పక్కకి పిలిచి, పార్స్‌లీ వాడిపోయింది, పరుగున వెళ్ళి ఇంకో కట్ట తెమ్మన్నారు. వేళ్ళు తెల్లగా ఉన్నవి చూసి తెమ్మన్నారు.

2011లో మా ఆయనకి వేరే ఊళ్ళో ఉద్యోగం రాలేదు గానీ బబ్బీయే వెళ్ళిపోయారు. గుమ్మం మెట్లు కూడా ఎక్కలేకపోతున్నారని కూతురు మేరీలాండ్ తీసుకెళ్ళింది. మేం అదే ఊళ్ళో ఇంకో ఇంటికి మారాం. పస్కా వచ్చేముందు ఫోన్ వచ్చింది. గుడ్లు డజను ఎంతుందని మొదలుపెట్టారు. కూతురు అన్నీ కంప్యూటర్‌లో ఆర్డర్ ఇస్తోందట. “హార్స్‌రాడిష్ కూడా అమ్మాయ్! చూడకుండా, పట్టుకోకుండా! నిన్న ఒకటి వచ్చింది. ఎండిపోయిన కట్టెలా ఉంది” అని చాలాసేపు బాధపడ్డారు.

ఆ మధ్యాహ్నమే రారిటన్ అవెన్యూకి వెళ్ళాను. బుట్టలో ఉన్నవన్నీ ఒక్కోటీ చేత్తో బరువు చూశాను. కొస గీరి వాసన చూశాను. కళ్ళలో నీళ్ళు తెప్పించిన వేరు ఒకటి దొరికింది. తడి కాగితంలో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టి, మర్నాటికల్లా చేరే పార్సిల్‌లో పంపాను. మూడోరోజు ఫోన్ వచ్చింది. వేరు తెల్లగా, తడిగా ఉందని, కూతురు తురుముతూ రెండుసార్లు బయటికి పరిగెత్తిందని చెప్పారు. తర్వాత గొంతు మార్చి, ఒక్క వేరుకి ఇంత ఖర్చు పెడతారా అని కోప్పడ్డారు. అసలు ఎంతైందని అడిగారు. పోనీలెండి బబ్బీ అన్నాను.

“పోనీలెండి కాదు. వేరు ఎంత, పార్సిల్ ఎంత, విడివిడిగా చెప్పు. పద్దులో రాయాలి” అన్నారు. ఫోన్ పక్కన పెట్టి పెన్ను కోసం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.